ఎర్ర అంకె ఉన్న రోజు

ఈ పొద్దున పొయ్యి దగ్గర అగ్గిపుల్ల గీయగానే, ఆ వాసనకు తల తిప్పి గోడ మీద తేదీ చూశాను.

నా ఏడో ఏట ఉస్మాన్‌గంజ్‌లోని బాపు అగ్గిపెట్టెల దుకాణానికి స్వీడన్ సరుకుతో పాటు ఆ దేశపు క్యాలెండర్ ఒకటి వచ్చింది. దాన్ని ఇంట్లో గోడకు తగిలించారు. ఆదివారాలే కాక, వారం మధ్యలోనూ కొన్ని అంకెలు ఎర్రగా ఉన్నాయి.

"గా దినాలల్ల అగ్గిపెట్టెలు వాటంతటవే అంటుకుంటయే," అంది అక్క. నేను నమ్మాను.

జూన్‌లో ఎర్ర అంకె వచ్చిన పొద్దున దుకాణం తాళంచెవులు తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచాను. ఇల్లంతా వెతికిన బాపు నా ఏడుపు చూసి ఆగాడు.

"ఇయ్యాల పోకు బాపూ, కాలిపోతవ్."

"పిచ్చి బిడ్డా! గది ఆ స్వీడనోళ్ల పండుగ. ఎండలొచ్చినయని ఆడుతరట, పాడుతరట."

ఎండలకు ఎవరైనా పండుగ చేసుకుంటారా? నన్ను ఊరుకోబెట్టడానికే అలా అంటున్నాడనుకున్నాను. తాళంచెవులు ఎక్కడున్నాయో నాతో చెప్పించుకుని, తీసుకుని బాపు వెళ్లిపోయాడు. చీకటి పడేదాకా గడపలోనే కూర్చున్నాను. రాగానే ఆయన చొక్కా వాసన చూశాను. పొగ వాసన లేదు.

ఆ చలి దేశపు పండుగల గురించి తర్వాత చదివాను. బాపు చెప్పింది నిజమే. అయినా ఇప్పటికీ ఆ తేదీల్లో ఆయన దుకాణం నుంచి ఇల్లు చేరేదాకా డైరీలో ఒక్క ముక్క రాయలేను. ఇవాళా ఆయన వచ్చాకే ఇది రాస్తున్నాను.