చెంబు రాని బోర్లు

మా వంశానికి చివరికి మిగిలింది ఒక పేరు. పులివెందుల పక్కన మాకున్న పొలాలు తాత హయాంలోనే పరుల పాలయ్యాయి. బోర్లకు చోటు చూపే పని మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా నడవాలి. అది నిక్కి నిలబడ్డ చోట నీళ్లుంటాయి. తాత చూపాడు, నాన్న చూపాడు, తర్వాత నేను చూపాను. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. అది మా మర్యాద.

నీళ్లు పడితే ఆ రైతు మొదటి నీళ్లు చెంబుతో మా ఇంటికి తేవడం ఆనవాయితీ. చెంబు వచ్చినప్పుడల్లా గోడ మీద సున్నంతో ఒక చుక్క పెట్టేవాళ్లం. ఎవరొచ్చినా ఆ గోడకు ఎదురుగానే కూర్చోబెట్టేవాణ్ణి.

ఉద్యోగం మొదట జమ్మలమడుగులో, తర్వాత ప్రొద్దుటూరులో. డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. శాంపిల్ ఎలా తీయాలో, ఎలా తీయకూడదో ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను. శనివారం బస్సెక్కి ఊరికి వచ్చి, ఆదివారం కొబ్బరికాయతో చేలల్లో తిరిగేవాణ్ణి. ఆ రెండింటికీ పొత్తు కుదరదని నాకెన్నడూ తోచలేదు.

ఒక ఎండాకాలం, చర్చి వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఎండుతోంది. ఇంకొక్క బోరు వేయగలదు, అంతే. అదీ పోతే చెట్లన్నీ నరికించాలి.

"రేపు బోరుబండి వస్తాంది నాయనా. యాడ ఏయాల్నో చూపించు."

"ఇన్నేండ్లలో మా మాట తప్పలేదమ్మా," అని గోడవైపు చూపించాను.

ఆమె చుక్కలన్నీ తేరిపార చూసింది. "తప్పినేటివి యాడ పెట్టినారు?"

"తప్పినవి లేవు."

"ఏం మాట నాయనా! మా రెండో బోరు మీ నాయన చూపించిందే. దుమ్ము తప్ప ఏం రాల్యా. ఆ దుమ్ము చెంబులో పోసుకోని మీ ఇంటికి తెద్దునా?"

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే విషయం అర్థమైంది. నెగ్గినవాళ్లు మాత్రమే వచ్చి చెప్పుకునే శాంపిల్ పనికిరాదని క్లాసులో చెప్పేది నేనే.

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చినారు?"

"పెద్దింటోళ్లని అడగకుండా ఏస్తే, పడకపోతే ఊరంతా నన్నే అనరా?"

బండిని నాలుగు రోజులు ఆపమన్నాను. చెట్లు ఆగుతాయా అని గొణిగింది గాని ఒప్పుకుంది.

సెలవు పెట్టి ఊరి పొలమంతా తిరిగాను. నోటుబుక్కులో రెండు గడులు గీశాను: మా ఇంటివాళ్లు చూపిన బోర్లు ఒకవైపు, చూపనివి ఇంకోవైపు. నీళ్లు పడ్డాయా లేదా, ఊరి పక్క వాగుకు, అదే మా వంకకు, ఎంత దూరం, అన్నీ రాశాను. పడనివాటిని వెతకడమే కష్టమైంది. పైపు పీకి, రాయి కప్పి, మరచిపోయారు. మేం చూపింది తప్పిందని నా ముఖం మీద చెప్పడానికి రైతులు మొహమాటపడ్డారు. ఒకాయన మాత్రం, "ఏంది మామా, లెక్క రాసుకునేదానికి వచ్చినావా, కొట్లాటకొచ్చినావా?" అని నవ్వాడు.

రెండు గడులూ ఒకే మాట చెప్పాయి. మేం చూపినా చూపకపోయినా సగానికి కాస్త పైన నీళ్లు, తక్కినవి దుమ్ము. తేడా అంతా వంక దగ్గర ఉంది. అక్కడ వేసినవాటిలో నీళ్లు పడినవి ఎక్కువ.

టీచరమ్మ ఇంటికి నేనే వెళ్లాను. మా ఇంటి మనిషి ఒకరి గడపకు పోయి, మాది తప్పని చెప్పడం అదే మొదలు. కుర్చీ వేసింది గాని కూర్చోకుండానే చెప్పాను.

"అయితే వంకపక్క ఏస్తే కచ్చితంగా పడతాదా?"

"కచ్చితమని అనను. పడే అవకాశం ఎక్కువ. తప్పినా తప్పొచ్చు."

"మీ నాయన ఈ మాట అనింటే, రెండో బోరుకు శానా ఆలోచన చేసుందును," అంది. నాన్న గురించి అలాంటి మాట నేను అంతవరకు ఎవరినీ అననివ్వలేదు. ఆ రోజు అననిచ్చాను.

ఆమె వంకపక్కనే వేయించింది. నీళ్లు పడ్డాయి, సన్నటి ధార, సగం తోటకు చాలేంత. ఊళ్లో అందరూ మా చేతి మహిమే అన్నారు. కాదని చెప్పినప్పుడల్లా నా వినయమనుకున్నారు. నాకు వినయమేమీ లేదు. ఒక్క బోరు ఏ మాటకూ రుజువు కాదు. మా చేతికీ కాదు, నా లెక్కకూ కాదు.

ఏ చెట్లు ఉంచాలో, ఏవి వదిలెయ్యాలో తేల్చడానికి ఆమె తోటంతా నడిచింది. నేను వెంట ఉన్నాను. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, కొమ్మ వంచి చూసుకుని ముందుకు పోయింది. ఏది ఉంచాలో చూపించమని నన్ను అడగలేదు.