ఇంకింత గుంజు బిడ్డ

ఇనుప రాడ్డు పట్టుకుని లేస్తుంటే కుడి గజ్జలో చురుక్కుమంది. రాడ్డు దించేశాను. ఎదురుగా గోడ పొడవునా అద్దం. అందులో ఒక మనిషి ఎడమ చేయి స్తంభానికి ఆనించి, కుడి చేయి గజ్జ మీద అదిమిపెట్టి, తల వంచుకుని నిలబడి ఉంది. ముఖం నాదే. ఆ నిలబడటం మాత్రం మా బాపుది.

ఎముకలు పలచబడుతున్నాయి, కాస్త బరువులు ఎత్తమని డాక్టరమ్మ చెబితే, మా బిడ్డ నన్ను కాలనీలోని ఆడవాళ్ల జిమ్‌లో చేర్పించింది. అక్కడ నేర్పే పిల్ల కూడా గనిలో పనిచేసేవాళ్ల ఇంటి పిల్లే. నేను నడుముతో లేస్తానని రోజూ దెప్పేది. "అక్కా, బొగ్గు తట్ట ఎత్తుతున్నవా ఏంది? తొడలతోని లెవ్వాలె" అనేది. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు ఏమైందని అడిగితే కాలు తిమ్మిరెక్కిందని చెప్పి ఇంటికి వచ్చేశాను. నలుగురిలో చెప్పుకునే చోటు కాదు కదా అది.

బొగ్గు తట్ట అన్న మాట ఆ పిల్ల నవ్వులాటకే అంది. మా బాపు నిజంగానే తట్టలెత్తాడు. గని లోపల పగిలిన బొగ్గును తట్టలకెత్తి, పట్టాల మీద నడిచే టబ్బులు నింపే ఫిల్లరు పని ఆయనది. గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు ఉండేది. వెల్లకిలా పడుకుంటే లోపలికి పోయేది, లేస్తే మళ్లీ దిగేది. దవాఖానలో చూపించుకొమ్మని అమ్మ బతిమాలేది. "పోతే అన్‌ఫిట్ రాస్తరు, పని పోతది. కంపెనీ కోటరు ఖాళీ చేసి ఎటు పోదం?" అనేవాడు.

నేను బడికి పోలేదు. అమ్మే బైబిలు ముందు పెట్టి ఇంట్లో చదువు నేర్పింది. అందువల్ల బాపు ఏ షిఫ్టుకు పోయినా నేను ఇంట్లోనే ఉండేదాన్ని, కట్టు కట్టే పని నాదైంది. బాపు పడుకుని ఉబ్బును లోపలికి నెట్టి, దాని మీద గుడ్డ ఉండ పెట్టుకునేవాడు. తడి తువాలును మెలిపెట్టి తొడ సందునుంచి నడుము చుట్టూ తిప్పి, కొస నా చేతికిచ్చేవాడు. నేను గడపకు కాలు తన్నిపెట్టి లాగేదాన్ని. "ఇంకింత గుంజు బిడ్డ" అనేవాడు. ముడి పడ్డాక నా తల మీద చేయి వేసి, "దేవుడు నీ చేతులకు బలమియ్యాలె" అని డ్యూటీకి పోయేవాడు.

ఒక మొదటి షిఫ్టునాడు అలాగే పోయాడు. మధ్యాహ్నం స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. దిగిన పేగు బిగుసుకుపోయిందని, కోసి చూసేసరికే నల్లబడిందని దవాఖానలో చెప్పారు. బాపు ప్రాణంతో ఇంటికి రాలేదు. తువాలు మాత్రం ఇచ్చారు. ముడి ఊడిరాక మధ్యకు కత్తిరించారు. ముడి అలాగే ఉంది, నేను వేసిందే.

ఇవన్నీ తెలిసిన దాన్ని నేను. అయినా నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. దగ్గు వచ్చినా, ఆటో ఎక్కినా చేయి గజ్జ మీదికే పోయేది. ప్రార్థనకు మోకరించి లేవాలంటే మంచం పట్టె పట్టుకునేదాన్ని. ఒక ఉదయం జిమ్‌కు పోయే ముందు ఏం తోచిందో, గుడ్డను ఉండ చేసుకున్నాను. తువాలు తడిపాను. నడుము పట్టేసిందని చెప్పి కొస మా బిడ్డ చేతికిచ్చాను. అది లాగింది.

"ఇంకింత గుంజు బిడ్డ."

మాట నా నోటి నుంచే వచ్చింది. గొంతు నాది కాదు. తిరిగి చూస్తే మా బిడ్డ కాలు గడపకు తన్నిపెట్టి ఉంది. ఎవరూ నేర్పలేదు దానికి.

అది గుడ్డ ఉండను చూసింది. "నడుము నొప్పికి అక్కడ గుడ్డెందుకే అమ్మా? తాతకు గిట్లనే కట్టేదాన్నని నువ్వే చెప్పినవ్ గదా," అంది. అది కొస వదిలేసింది. "నేను గుంజ. నడువు, దవాఖానకు పోదం."

డాక్టరమ్మ నన్ను నిలబెట్టి, గజ్జ మీద వేళ్లు ఆనించి దగ్గమంది. నాకు దగ్గు రాలేదు. దగ్గితే ఏం దిగుతుందో అని భయం. ఆమె ఓపికగా ఆగింది. చివరికి దగ్గాను. ఏమీ దిగలేదు. తొడ మొదట్లో నొక్కితే మాత్రం ప్రాణం పోయినట్టయింది. కండరం బెణికిందని, కొన్నాళ్లు బరువులు మానమని, తగ్గాక ఉత్త రాడ్డుతో మొదలుపెట్టమని చెప్పింది. తువాలు సంగతి విని, ఎప్పుడూ కట్టొద్దంది. ఉబ్బు కనిపించి లోపలికి పోకపోతే ఆ క్షణమే రమ్మంది. బయటికొచ్చి దేవునికి స్తోత్రం చెప్పాను. కట్టొద్దన్న ఈ మాట అప్పుడు బాపుకు చెప్పేవాళ్లు లేకపోయిరే అనుకుంటే కళ్లు నిండాయి.

ఇప్పుడు నొప్పి లేదు. ఉత్త రాడ్డు ఎత్తుతున్నాను, తొడలతోనే లేస్తున్నాను. కానీ తెల్లవారి మొదటి షిఫ్టు సైరన్ మోగినప్పుడు, తువాలు కొస పట్టుకున్నట్టు నా రెండు చేతులూ బిగుసుకుంటాయి. ప్రభువా, ఈ చేతులకు బలమిచ్చావు, నీకు వందనాలు అంటాను. అవి విడవడానికి కొంచెం సేపు పడుతుంది.