మా కోసం ఆగిపోయిన అన్న

మొన్న ఒక గురువారం పొద్దున పెనుకొండ బళ్లో పిల్లలను వరుసలో నిలబెడుతుంటే ధర్మవరం నుంచి ఫోనొచ్చింది. మా వాలీబాల్ అన్న పోయాడు. ఆయన గురించి మీకు చెప్పాలి. అందులో నా తప్పు కూడా ఉంది.

అన్న పట్టుచీరలు నేసేవాడు. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. సాయంత్రం మోకాళ్లు నిమురుకుంటూ గ్రౌండుకొచ్చి, మా పేట యువజన సంఘం పిల్లలకు ఆట నేర్పేవాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ సంఘాన్ని ఆయనే నడిపాడు. "పొద్దంతా గుంతలో ఉండేటోనికి ఎగరాలని ఉండదేమమ్మా?" అని నవ్వేవాడు. మేం బంతి వదిలేస్తే తిట్టేవాడు కాదు. తనే పరుగెత్తి తెచ్చి చేతిలో పెట్టేవాడు.

నేను ఇంటర్ చదివేటప్పుడు హిందూపురంలో ఒక ప్రైవేటు బడివాళ్లు ఆయన్ను కోచ్‌గా రమ్మన్నారు. సంగతి తెలిసి మేం ఆరుగురు ఆడపిల్లలం ఆయనింటికి పోయాం. ముందు ఏడ్చింది నేనే.

"నువ్వు పోతే మా నాయన నన్ను గ్రౌండుకు పంపడన్నా. పెండ్లి చేసేస్తాడు."

అది నిజమే. అన్న కాసేపు మగ్గం వైపు చూశాడు. "యాడికి పోతానమ్మా? ఈడనే ఉంటా. పోయి ఆడుకోపోండి" అన్నాడు. మేం సంబరంగా పరుగెత్తాం. ఆయన ముఖం చూడాలని ఎవరికీ తోచలేదు.

తర్వాత నేను ఆటల టీచర్నయ్యాను. ఆయన వదులుకున్నలాంటి ఉద్యోగమే నాకు దొరికింది. కలిసినప్పుడల్లా ఆ మాట ఎత్తాలనుకునేదాన్ని. పిల్లల ఆట సంగతులు మాట్లాడి వచ్చేసేదాన్ని.

ఆయన దినాలు అయిన సాయంత్రం అన్న భార్యతో, మా వదినతో, అన్నాను. "మేమే ఆయన్ను కట్టేసినాం వదినా."

ఆమె నా వైపు తిరిగింది. "ఆ హిందూపురం బడోళ్ల కాగితం చానా దినాలు దిండు కింద పెట్టుకున్యాడు. పోదాం పా అని నేనూ అన్యా. ఇనల్యా." మగ్గం వైపు చెయ్యి చూపింది. "ఆయప్ప గ్రౌండుకొస్తే ఆ గుంతలో నేను కూచునేదాన్ని. ఆడ మీరేం ఆడతారో ఒక్క దినమన్నా చూడల్యా."

"గ్రౌండుకు పోదాం పా వదినా" అని చెయ్యి పట్టుకుని లేపాను. మొగుడు పోయినామె ఇంత తొందరగా గడప దాటకూడదని చుట్టాలు అడ్డం వచ్చారు. వదిన చెప్పులేసుకుంది.

మమ్మల్ని చూసి గ్రౌండులో ఆడపిల్లలు ఆట ఆపేశారు.

"ఆడండమ్మా" అంది వదిన.

ఒక పిల్ల సర్వీసు చేసింది. బంతి నెట్టు దాటి బాగా పైకి పోయింది. వదిన కొంగు బిగపట్టుకుని, తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, దాన్నే చూస్తూ నిలబడింది.