గ్యాసు సిలిండరు మీది నెమలి

మా పక్కింటి అక్క పర్మనెంట్ మార్కరు పట్టిందంటే తిరుపతిలో ఏడు కొండలకు తప్ప దేనికీ రక్షణ ఉండేది కాదు. కుక్కరు మూతమీద కలువలు, మొగుడి హెల్మెట్‌మీద చిలకలు వేసేసింది. వాళ్లింటికి వెళ్లాలంటే నేను బట్టతలమీద తువ్వాలు కప్పుకొనేవాణ్ణి.

ఒకసారి వారం రోజులు కష్టపడి గ్యాసు సిలిండరు చుట్టూ నెమలిని వేసింది. సిలిండరన్నాక ఖాళీ అవుతుందన్న సంగతే మరిచిపోయింది. గ్యాసు అతను కొత్తది తెచ్చేసరికి పాతదాన్ని వాటేసుకుని కూర్చుంది.

“ఖాళీది ఇస్తేనే గదక్కా నిండుది ఇచ్చేది,” అన్నాడతను.

“నా నెమిలిని యాడో వానలో పడేస్తారబ్బా,” అంది అక్క.

అతను నవ్వలేదు. “నెమిలి గదక్కా. వానొస్తే పురి విప్పి ఆడుతాది.”

అక్క చేతులు సడలించి లేచింది. తర్వాత తనే దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని గ్యాసు ఆటోదాకా వచ్చి అప్పగించింది.