ఒళ్లో గాజుల పెట్టె

మా ఆయన చనిపోయిన ఏడాది ఏదో పనిమీద విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్ళాను. కొత్తగూడలో షేర్ ఆటో ఎక్కగానే పక్కనున్నామె ఒక అట్టపెట్టె నా ఒళ్లో పెట్టింది.

"జర పట్టుకో అక్కా. ఆఫీసుల మాతోటి ఊడ్చే పిల్లకు ఏడో నెల. ఇయ్యాల లంచ్‌ల గాజులు తొడుగుతున్నం," అని రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది.

పెట్టెను మోకాళ్ళ అంచుకు జరిపాను. మా వైపు భర్త పోయినవాళ్ళు ఆ గాజులు ముట్టరు. ఇంగ్లీషువాళ్ళ బ్యాంగిల్ అనే మాట హిందీ బంగ్డీ నుంచి వెళ్ళిందే. వాళ్ళ నిఘంటువులో దానికి చేతికి వేసుకునే నగ అనే అర్థం తప్ప మరేమీ లేదు. పేరు తీసుకెళ్ళి భయాన్ని ఇక్కడే వదిలేశారు. అలాంటి పట్టింపుల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు, అయినా ఆ భయం పోలేదు.

నా సంగతి దాచిపెడితే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టనిపించింది. గచ్చిబౌలి దగ్గరపడుతుండగా చెప్పాను. "మా ఆయన లేరండి."

"ఎరుకనే, నీ ఉత్త చేతులు చూసే ఇచ్చిన. గాజుల పిచ్చి ఉన్నోళ్లకిస్తే మూత తీసి కెలుకుతరు," అందామె. "మామ పోయినా మా ఇంట్ల మొదటి జత మా అత్తనే తొడుగుతది. గట్టిగ పట్టుకో, ముంగట గుంతలున్నయి."