బెజవాడలో కందగడ్డ

మా అత్తమ్మకు మెదక్ అంగడి అంటే సొంత వంటిల్లే. వారం వారం అంగడి నాడు కొంగు నడుముకు చెక్కుకుని ఆమె బయలుదేరితే, పాపన్నపేట నుంచి కూరగాయలు తెచ్చే ఆడవాళ్లు దూరం నుంచే చూసి పుచ్చు వంకాయలను గంప అడుక్కి తోసేవాళ్లు. నేను కొత్త కోడలిని. పదహారేళ్లు. సంచి పట్టుకుని ఆమె వెనక నడవడం నా పని. ఈమె భయపడేది లోకంలో ఏదీ లేదని అప్పట్లో గట్టిగా నమ్మాను.

ఇంట్లో ముగ్గురమే. మామగారు నా పెళ్లికి ముందే పోయారు. మా ఆయన బడిలో లెక్కల పంతులు. చదివిందీ, పిల్లలకు చెప్పేదీ ఉర్దూలోనే. ఉర్దూ గడగడా చదివేవారు గానీ, తెలుగు అక్షరాలు కనిపిస్తే మాత్రం ఎవరో కొత్త చుట్టం ఎదురైనట్టు ఆగి, ఒక్కొక్కదాన్నే పలకరించి ముందుకు సాగేవారు.

అవి రజాకార్ల రోజులు. పల్లెల్లో ఒక పక్క దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు, ఇంకో పక్క వీళ్లు. ఎప్పుడు ఎవరు తలుపు కొడతారో తెలియదు. మా ఆయన ఒకసారి పదిమందిలో నిలబడి, మన రాజ్యం కూడా కొత్తగా స్వతంత్రం వచ్చిన యూనియన్‌లో కలిస్తేనే మంచిదని ఒక్క మాట అన్నారు. అది ఎవరి చెవిన పడిందో, మూడో రోజు పొద్దున్నే ఆయనతో పనిచేసే ఉర్దూ పంతులు మా గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.

"మాస్టర్ సాబ్, జర హోషియార్‌గ ఉండుండ్రి. మీ పేరు కాగితం మీదికెక్కింది. కొన్నొద్దులు ఊరిడిచి పోండ్రి" అని చెప్పి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"యాడికి పోవాల్రా?" అంది అత్తమ్మ.

"బెజవాడకు పోదామమ్మా. అది యూనియన్ల ఉంటది."

"అంటె పరదేశమేనా?"

"ఇప్పటికైతే పరదేశమే."

అత్తమ్మ లేచి గోడకున్న సంచి అందుకుంది. ఇల్లు ఏమవుతుందనో, మళ్లీ ఎప్పుడొస్తామనో అడుగుతుందనుకున్నాను.

"ఆడ అంగడి ఉంటదా?" అంది.

అక్కన్నపేట దాకా ఎడ్లబండి, అక్కడి నుంచి రైలు, సికింద్రాబాదులో ఇంకో రైలు. ఎర్రుపాలెం దాటాక, "ఇగ మనం పరదేశంల ఉన్నం" అని మా ఆయన మెల్లగా చెప్పారు. అత్తమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. పొలాలున్నాయి, గేదెలున్నాయి, ఒకాయన కాలువ గట్టున కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"గీ బర్రెలు మన బర్రెల లెక్కనే ఉన్నయి గదరా" అని నిరాశగా తల లోపలికి తీసుకుంది.

బెజవాడలో మాకు ఒక పెంకుటింటి వెనకభాగం కిరాయికి దొరికింది. ఇంటావిడ నెమ్మదస్తురాలు. చేరిన మర్నాడే అత్తమ్మ సంచి నా చేతికిచ్చింది. కూరగాయల బజారు కాలువ పక్కనే. పడవల్లో అరటిగెలలు, బుట్టలు బుట్టలుగా కూరలు దిగుతున్నాయి. అంత పచ్చదనం మేమిద్దరం ఒక్కచోట ఎన్నడూ చూడలేదు. మా ఆయన కూడా వెంట వచ్చారు. పరదేశం కదా, దుబాసీ ఒకడు ఉండాలని ఆయన ఉద్దేశం. అందరూ మాట్లాడేది తెలుగే అన్న సంగతి ఆయనకు తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆయన అనుకున్నదే సరైనదని కాసేపట్లో తేలింది.

అత్తమ్మ ఒక దుకాణం ముందు ఆగింది. అక్కడ నలభై ఏళ్ల ఆవిడ, కాసంత బొట్టు పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"పుంటికూర ఉన్నదా?"

"ఏం కూరండీ?"

"పుంటికూర, పుంటికూర! పుల్లగుంటది."

"చింతచిగురా?"

అత్తమ్మ ఓపిక నశించి, ఆవిడ మోకాలి పక్కనున్న కట్టను వేలితో పొడిచి చూపించింది.

"ఇది గోంగూరండీ."

"గోంగూర గాదు, పుంటికూర."

"మా ముత్తాతల కాలం నుంచీ గోంగూరేనండీ!"

"అయితే మీ ముత్తాతల నుంచే తప్పు చెప్తున్నరు" అని అత్తమ్మ తేల్చేసింది. గోకరకాయ దగ్గరా అంతే. ఆవిడ గోరుచిక్కుడు అంది. ఎల్లిగడ్డ అంటే వెల్లుల్లి అంది. ఈ ఊళ్లో కూరగాయలన్నీ బాగున్నాయి గానీ వాటికి సరైన పేర్లు పెట్టేవాళ్లే లేకపోయారని అత్తమ్మకు జాలేసింది.

బేరం దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. "జర తక్కువ చెయ్యి బిడ్డా" అంది అత్తమ్మ.

కూరలావిడ మొహం మారిపోయింది. "జరమా? ఎవరికండీ?"

"జర అంటున్న! జర!"

"అయ్యో, జరంతో బజారుకెందుకొచ్చారు మామ్మగారూ!" అని ఆవిడ తన గోంగూరను వెనక్కి లాక్కుంది. పక్క దుకాణాయన లేచి రెండడుగులు అవతలికి జరిగాడు. మా ఆయన ముందుకొచ్చి, "జర అంటే జరం కాదమ్మా, థోడా" అని వివరించారు. దాంతో ఆవిడకు ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది. ఆ గందరగోళంలో ఏ ధరకు ఇచ్చిందో గానీ, మమ్మల్ని పంపేస్తే చాలనుకుని ఇచ్చింది. ఇంటికొచ్చాక, "పరదేశపోల్లు బేరం తెల్వనోల్లు" అని అత్తమ్మ సంబరపడింది.

అలా పదిహేను రోజులు గడిచాక శివరాత్రి వచ్చింది. మా వైపు శివరాత్రి ఉపవాసమంటే కందగడ్డలు తినాల్సిందే. పొయ్యి బూడిదలో కాల్చి, తొక్క తీస్తే ఎర్రగా, తియ్యగా ఉంటాయి. అత్తమ్మ ముందు రోజే మమ్మల్నిద్దరినీ వెంటేసుకుని బజారుకు వెళ్లింది.

"కందగడ్డ ఉన్నదా?"

ఈసారి కూరలావిడ మొహం విప్పారింది. "కందా? ఎందుకు లేదండీ!" అంటూ వెనక నుంచి ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తి మా ముందు దబ్బున పడేసింది. ఏనుగు పాదమంత ఉంది. నల్లగా, గరుకుగా, ఒళ్లంతా బొడిపెలు.

నాకు భయమేసింది. "అత్తమ్మా, గిది మన కందగడ్డ లెక్క లేదు."

"నీకేం తెలుసు పిల్లా! కృష్ణమ్మ నీళ్లు తాగి పెరిగింది. మన దిక్కు నీళ్లు లేక గడ్డ ఎండి గంతే అయితది. ఈడ సుకంగ ఉన్నది, బలిసింది."

మా ఆయన దాన్ని భుజం మీద మోసుకొచ్చారు. దారి పొడుగునా, అంతపెద్ద గడ్డ పండించే దేశంలో కలిసిపోతే మనకూ మంచి రోజులు వస్తాయని చెబుతూనే ఉన్నారు.

శివరాత్రి రోజు పొద్దంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. గడ్డను నాలుగు చెక్కలు కోసి, బూడిదలో పెట్టి కాల్చాను. కోసేటప్పుడే నా చేతులు చురచురలాడాయి. పొగ వల్ల అనుకున్నాను. పొద్దు గూకగానే దీపం పెట్టి, దండం పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. పెద్దది కాబట్టి అత్తమ్మ ముందుగా ఒక పెద్ద ముక్క నోట్లో పెట్టుకుంది. పొద్దంతా ఆకలితో ఉన్న మనిషి, రెండు నమిలి మింగేసింది.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచింది గానీ మాట రాలేదు. చెయ్యి మా వైపు చాపి గబగబా ఊపింది. తినొద్దని చెబుతోందట పాపం. మా ఆయన మాత్రం, "ఆఁ, తింటున్నమమ్మా, తింటున్నం" అని రెండు ముక్కలు ఒకేసారి నోట్లో వేసుకున్నారు. భర్త తిన్నాక నేను ఊరుకుంటే బాగుండదని నేనూ తిన్నాను.

గొంతులో వెయ్యి గండుచీమలు ఒక్కసారి పాకినట్టయింది. నాలుకను గీరుకోవాలనిపిస్తోంది, నాలుకను ఎలా గీరుకుంటాం? మా ఆయన లేచి ఇల్లంతా చుట్టూ తిరుగుతున్నారు. అత్తమ్మ నాలుక బయటపెట్టి కొంగుతో తుడుచుకుంటోంది. నేను నీళ్లు తాగాను. ఏమీ తగ్గలేదు. ముగ్గురిలో ఎవరికీ మాట లేదు, ముగ్గురమూ ఒకరికొకరం చేతులు ఊపుకుంటున్నాం.

అప్పుడే ఇంటావిడ గుడికి రమ్మని పిలవడానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి మూడు నాలుకలనూ చూసింది. తర్వాత బూడిదలో ఉన్న చెక్కను చూసింది.

"అయ్యో అయ్యో, కందను చింతపండైనా లేకుండా కాల్చుకు తిన్నారా?"

పరుగెత్తుకెళ్లి చింతపండు, ముంతెడు మజ్జిగ తెచ్చింది. మేం చింతపండు చప్పరిస్తుంటే ఆవిడకు నవ్వు ఆగలేదు. మర్యాద కోసం చాలాసేపు ఆపుకుంది. చివరికి గడప మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. అత్తమ్మను చూసి అలా నవ్విన మనిషి మెదక్‌లో ఎవరూ లేరు. ఆమె కోపంగా చూసింది. కానీ నాలుక బయట ఉంటే కోపం ఎంతసేపు నిలుస్తుంది? కొంగు అడ్డం పెట్టుకుని ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది.

మర్నాడు సభ ఉంది. మాలాగా మన రాజ్యం నుంచి వచ్చి తలదాచుకున్నవాళ్లంతా ఒకచోట చేరుతున్నారు. మా ఆయన మాట్లాడాలి. వారం నుంచి తెలుగులో ఉపన్యాసం తయారు చేసుకుంటున్నారు. పొద్దున్నకు ఆయన పెదవులు వాచాయి, గొంతు బొంగురుపోయింది. అయినా పోయి నిలబడ్డారు.

"సోదరులారా..." అన్నారు. అది "చోదలులాలా" అని వినిపించింది. గొంతు దురదకు కళ్లవెంట నీళ్లు కారాయి. మళ్లీ "మన మెదక్..." అని, మింగుడు పడక ఆగిపోయారు. ముందు వరుసలో ఒక ముసలాయన ఏడ్చేశాడు. ఆయన్ని చూసి ఇంకొందరు. మా ఆయన ఇంకేమీ మాట్లాడలేక చేతులు జోడించి దిగేశారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఇంత హృదయం విప్పి మాట్లాడినవాళ్లు లేరని పెద్దలు వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు. అత్తమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే పరువు పోతుంది.

ఆ సాయంత్రమే అత్తమ్మ మిగిలిన చెక్కను గుడ్డలో కట్టుకుని కూరలావిడ మీదికి పోయింది.

"నేనేమడిగిన, నువ్వేమిచ్చినవ్?"

"కందేగా అడిగారు?"

"కందగడ్డ అడిగిన!"

కూరలావిడ పక్క బుట్టలోంచి ఎర్రటి సన్నని గడ్డ ఒకటి తీసింది. "ఇదా ఏంటి కొంపదీసి? చిలగడదుంప?"

అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, తప్పిపోయిన పిల్ల దొరికినట్టు చూసింది. "గిదే! గిదే కందగడ్డ!"

జరిగింది విన్నాక కూరలావిడ కడుపు పట్టుకుంది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి, ఆ చెక్కను చింతపండు పులుసులో ఉడికించి, బచ్చలాకు కలిపి, ఆవ పెట్టి ఎలా వండాలో చెప్పింది. అత్తమ్మ నమ్మకం లేకుండానే వండింది. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను. మర్నాడు అత్తమ్మ మొక్కజొన్నలు రుబ్బి మక్కగారెలు చేసి ఆవిడకు తీసుకెళ్లింది.

అప్పటి నుంచి పొద్దు పొద్దున్నే ఆ దుకాణంలో ఒక పీట అత్తమ్మదే. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. "పుంటికూర! గోకరకాయ! ఎల్లిగడ్డ!" అని కేకలు వేసేది. మొదట బెజవాడ వాళ్లు తెల్లబోయి చూశారు. కానీ రెండు రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో మన దిక్కు ఆడవాళ్లు రావడం మొదలైంది. నల్లగొండామె ఒకతి, జనగామ వైపు అక్కాచెల్లెళ్లు, కౌడిపల్లి నుంచి వచ్చిన ఒక బాలింత. ఆ బాలింత "పుంటికూర" అన్న మాట విని బజారు ఆ చివర నుంచి బిడ్డను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది. కొన్నదేమీ లేదు. అత్తమ్మ పక్కన కూర్చుని, తమ ఊళ్లో పుంటికూర పప్పు ఎలా చేస్తారో చెప్పి, లేచి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ దుకాణం ముందు గుంపు తగ్గేది కాదు.

వానాకాలం చివర్లో పోలీసు యాక్షన్ జరిగింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయి, మన రాజ్యం యూనియన్‌లో కలిసిందన్నారు. మేం మెదక్ చేరేసరికి మా ఇంటి తలుపుకు తాళం లేదు గానీ ఇల్లు ఉంది. మా ఆయనకు ఉద్యోగం తిరిగొచ్చింది, ఇక పాఠాలు తెలుగులో చెప్పమన్నారు. పుట్టింట్లో నేర్చుకున్న తెలుగు రాత నాకు వచ్చు కాబట్టి, రాత్రిపూట నా దగ్గర అక్షరాలు దిద్దుకునేవారు.

మరుసటి ఎండాకాలం కూరలావిడ పెనిమిటికి అక్కన్నపేటలో రైల్వే పని దొరికి, ఆవిడ ఒకరోజు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అత్తమ్మ అన్నం పెట్టి, తిన్న చెయ్యి ఆరకముందే అంగడికి లాక్కెళ్లింది. మంజీర ఏటి ఇసుకలో పండిన కర్బూజాలు కుప్పలు పోసి ఉన్నాయి. కూరలావిడ కాసేపు చేతులు కట్టుకుని చూసింది. అంతకంటే ఆగలేకపోయింది. అక్కడ కూరలమ్ముతున్న పాపన్నపేట ఆమె ఒకరి పక్కన చతికిలబడి, "ఏవమ్మా, కాడలు ఇటూ ఆకులు అటూ పెడితే ఎవరు కొంటారు? నీళ్లేవీ? కాస్త చిలకరించు" అని కూర కట్టలన్నీ తిరగేసి పేర్చసాగింది.

పాపన్నపేట ఆమె బెదిరి అత్తమ్మ చెవిలో అడిగింది. "అమ్మా, గీమె ఎవరు? కొత్తగ వచ్చిన ఆఫీసరమ్మనా?"

"ఆఫీసరు గాదు. నాకు బిడ్డసొంటిది."

"అయితే గట్ల మాట్లాడ్తదేంది?"

"పరదేశంల పెరిగింది" అంది అత్తమ్మ.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక కర్బూజాకు బేరం మొదలుపెట్టారు. ఒకామె "జర" అంటుంది, ఇంకొకామె "కాస్త" అంటుంది. అమ్మేవాడు ఎవరికి జవాబు చెప్పాలో తెలియక తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ, చివరికి కాయను నా చేతుల్లో పెట్టి, "తీసుకపోండ్రి తల్లీ, ఈ ఇద్దర్ని గూడ తీసుకపోండ్రి" అని దండం పెట్టాడు.