దాఫ్నె చేతులు

మా కొండవూరు అంతికోలి ఆడవాళ్ళు ఎంత పొగరుబోతులో రోములో బొమ్మలు చేసేవాళ్ళనడగండి. వాళ్ళ ముందు మోడళ్ళుగా నిలబడి నిలబడి, ఊళ్ళో సగంమంది ఎవరి గోడమీదో దేవతలుగానో పునీతులుగానో వేలాడుతున్నవాళ్ళమే. నా మొహానికి దేవత వేషం ఎవరూ ఇవ్వలేదు గానీ, మంత్రగత్తె కావాలన్నా, మనుషుల ఆయుష్షు దారం కత్తిరించే ముసలమ్మ కావాలన్నా, నజరేనా ఎక్కడుందని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మా అక్క కూతురు దొమితిల్లా మాత్రం పుట్టడమే వనకన్యగా పుట్టింది. ఆ మెడ, ఆ భుజాలు చూసి చూపు తిప్పుకున్న శిల్పి లేడు.

మా ఊరి పిల్లలకి ఒక పిచ్చి ఆట ఉంది. ఆదివారం పూజ అయ్యాక నీళ్ళు నిండిన రాగి బిందెలు నెత్తిన పెట్టుకుని చర్చి ముందు బారుగా నిలబడతారు. ఈగ వాలినా, మగపిల్లలు వెక్కిరించినా కదలకూడదు. బిందె తొణికితే ఓడినట్టు. దొమితిల్లా ఒక్కసారీ ఓడలేదు. నొప్పి కాసేపు పీడించి తనంతట తనే పోతుందని, అది పోయేదాకా ఓర్చుకున్నదే అసలు మోడల్ అని మా వాళ్ళు ఉగ్గుపాలతో నేర్పుతారు. విశ్రాంతి అడగడమంటే మాకు చచ్చేంత సిగ్గు.

ఆ చలికాలం దాని మొగుడు క్విరీనో గొర్రెల్ని తోలుకుని మైదానానికి దిగిపోయాడు. అది చంటివాడు ఇలారియోని చంకనేసుకుని నాతో రోముకి వచ్చింది. హాల్వర్ అని ఒక ఉత్తరదేశపు శిల్పి, పని కోసం మోడళ్ళంతా చేరే చోట, మెట్ల మీద కూర్చున్న మా గుంపులో దాన్ని చూడగానే రమ్మన్నాడు. ఆయన చేస్తున్నది దాఫ్నె బొమ్మ. పాత పురాణంలో ఒక దేవుడు వెంటపడి పట్టుకోబోతుంటే, నదిగా పారే తన తండ్రికి మొరపెట్టుకుని లారెల్ చెట్టయిపోయిన పిల్ల. పైకెత్తిన చేతుల్లో వేళ్ళ కొసలు ఆకులవుతున్న క్షణం ఆయనకి కావాలి. చేతులు అంతంతసేపు ఎవరు ఎత్తి ఉంచగలరు? అందుకని దూలం నుంచి రెండు తోలు పట్టీలు వేలాడదీసి, మణికట్లు వాటిలో బిగించి, వేళ్ళకి నిజం కొమ్మలు కట్టాడు.

మొదటిరోజు పిల్లాణ్ణి ఎత్తుకుని నేనూ వెళ్ళాను. ఆ గది నాకు నచ్చలేదు. ఒక పక్క తడిగుడ్డలు కప్పుకున్న మట్టి ఆడమనిషి, ఇంకో పక్క పట్టీలకి వేలాడుతున్న మా పిల్ల.

"నొప్పెడితే చెప్పండి సిన్యోరా, వెంటనే విప్పేస్తాను," అన్నాడాయన. మనిషి మంచివాడే, ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

"మీ పని మీరు చూసుకోండి," అంది మా మహాతల్లి.

కొన్నాళ్ళకి అన్నం దగ్గర రొట్టె దాని చేతిలోంచి జారిపడింది. తిమ్మిరి అంది. తర్వాత దువ్వెన నిలవలేదు. ఒక సాయంత్రం కుంపటి మీద చిక్కుళ్ళు ఉడుకుతున్న గిన్నెని వట్టి చేతులతో దించింది. చర్మం కాలిన వాసన నాకొచ్చింది గానీ దానికి చీమ కుట్టినట్టైనా లేదు.

"ఏమే, చెయ్యి కాలిందే! తెలియట్లేదా?"

అరచెయ్యి తిప్పి చూసుకుని నవ్వింది. "చూశావా పిన్నీ? నొప్పి పోయింది! మొన్నటిదాకా భుజాలు ప్రాణం తోడేశాయి. ఇప్పుడు పొద్దుగూకేదాకా నిలబడమన్నా నిలబడతాను."

"పోవడం కాదే మొద్దూ, చెయ్యే చస్తోంది! రేపు వెళ్ళకు. ఆయనకి నేను చెబుతా."

"చెప్పావంటే ఈ జన్మలో నీ మొహం చూడను. అంతికోలి పిల్ల విశ్రాంతి అడిగిందని అందరూ పళ్ళికిలించాలా?"

మర్నాడు మెట్ల మీద మిగతా ఆడవాళ్ళకైనా బుద్ధి ఉంటుందేమోనని చెప్పి చూశాను. ఎర్సీలియా అని ఒక నోటిదురుసు పిల్ల అందరికీ వినబడేలా అంది: "నీకేం నజరేనమ్మా, మంత్రగత్తెవి, ఎప్పుడూ కూర్చునే ఉంటావు. వనకన్యని చూసి కుళ్ళెందుకూ?" అందరూ విరగబడి నవ్వారు. నొప్పి పోయిందట కదా, ఇక నీకు తిరుగులేదంటూ దొమితిల్లా బుగ్గలు ముద్దుపెట్టుకున్నారు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆగలేక శిల్పి దగ్గరికే వెళ్ళాను. కాలిన అరచేతుల సంగతి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "నిజమేనా సిన్యోరా?" అని పక్కనే ఉన్న దొమితిల్లాని అడిగాడు.

అది భుజాలు విసిరి చేతులు పైకి లేపింది. ఎలా లేచాయో నాకిప్పటికీ అర్థంకాదు. "మా పిన్నికి మతి చలించింది. కట్టండి," అంది. మట్టిబొమ్మకి ఇంక వేళ్ళే మిగిలాయి. ఆయనకి ఆ వేళ్ళు కావాలి, అందుకని నమ్మేశాడు. పట్టీలు బిగించాడు. నేను పిల్లాణ్ణి గుండెలకి హత్తుకుని బయటికి వచ్చేశాను.

బొమ్మ పూర్తయిన రోజు పట్టీలు విప్పితే రెండు చేతులూ తడిబట్టల్లా కిందికి పడ్డాయి. మణికట్ల దగ్గర వంగిపోయి, అలాగే ఉండిపోయాయి.

"వేళ్ళు కదపండి," అన్నాడు హాల్వర్.

"కదుపుతున్నాను," అంది.

ఒక్క వేలూ కదల్లేదు. ఆయన పరుగెత్తుకెళ్ళి డాక్టరుని తెచ్చాడు. డాక్టరు దాన్ని గోడవైపు తిరగమని, గుండుసూదితో వేలికొస నుంచి మోచెయ్యిదాకా గుచ్చుకుంటూ వచ్చాడు. అంతా అయ్యాక అది అడిగింది: "ఎప్పుడు మొదలెడతారు?"

హాల్వర్ పీట మీద కూలబడి ఏడ్చాడు. నరాలు నలిగిపోయాయట. చలనం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. రాలేదు.

ఆ సాయంత్రమే దాన్ని గదికి తెచ్చి కూర్చోబెట్టి, నీళ్ళకి వెళ్ళాను. వీధిలో ఉండగానే పిల్లాడి ఏడుపు వినబడింది. పరుగున వచ్చి తలుపు తోశాను. దొమితిల్లా ఊయల తొట్టి పక్కన మోకాళ్ళ మీద ఉంది. వాణ్ణి మెడదాకా చుట్టిన పొత్తిగుడ్డని పళ్ళతో కరిచి పట్టుకుని, పిల్లి పిల్లని తెచ్చుకున్నట్టు పైకి లేపుతోంది. మెడనరాలు తాళ్ళలా ఉబ్బాయి. నేను ముందుకి ఒక అడుగు వేయగానే, నోరు తెరిచే వీల్లేక, కళ్ళతోనే ఆగమంది.

వాణ్ణి ఒళ్ళో వేసుకుంది. వాడు రొమ్ము కోసం రవిక మీద మొహం రాస్తూ వెతుకుతున్నాడు, దొరక్క గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడగని పిల్ల, నా వైపు చూడకుండా గోడని చూస్తూ, నెమ్మదిగా అంది:

"పిన్నీ, గుండీలు విప్పవూ. వాడికి ఆకలేస్తోంది."